నూట పదిహేడో నంబరు బిళ్ళ

మా తాత ఆదినారాయణప్ప ఈ ప్రపంచం ఆగిపోకుండా ఆరు నెలలు కాపలా కాశాడు. ప్రపంచం ఆగలేదు. ఆ కష్టానికి ఆయనకు మిగిలింది ఒక ఫ్లాస్కు.

ఆ ఫ్లాస్కు ఇప్పటికీ బెంగళూరు బొమ్మనహళ్ళిలో మా వంటింటి గూట్లో ఉంది. దాని పొట్ట మీద ఆకుపచ్చ చీటీ ఒకటి అతికించి ఉంటుంది. పరీక్ష అయింది, రెండువేల సంవత్సరానికి సిద్ధం అని దాని మీద ఇంగ్లీషులో ఉండేదట. ఇప్పుడు సగం అక్షరాలు లేవు. లోపలి గాజు ఎప్పుడో పగిలింది. చిన్నప్పుడు అందులో ఏదో మిషను ఉందనుకుని మూత తీసి చెవి పెట్టి వినేదాన్ని. పాత టీ వాసన వచ్చేది, చప్పుడు మాత్రం లేదు.

తాతది ముళబాగిలు పక్క ఊరు. ఆయన మేనమామ కోలారు బంగారు గనిలో పనిచేసేవాడు. ఇక్కడ బంగారం అడుగంటుతోంది, వేరే దారి చూసుకోమని ఆ మేనమామే తాతను ఇరవై ఏళ్ళ వయసులో గోదావరి పక్కనున్న బొగ్గు గనికి పంపాడు. అక్కడివాళ్ళు గనిని బాయి అంటారు. తాతతో పాటు అదే ఊరి మునిస్వామి కూడా వెళ్ళాడు. మునిస్వామి బాయిలోకి దిగాడు, ఒక కాలు అక్కడే పోగొట్టుకుని ఇప్పుడు చింతామణిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. తాత దిగలేదు. ఆయనకు దీపాల గదిలో పని దొరికింది. నలభై ఏళ్ళు భూమి మీదే నిలబడి, భూమి కిందికి పోయేవాళ్ళను లెక్కపెట్టాడు.

"బొగ్గు బాయిలో పనిచేసి బొగ్గు ముట్టుకోని మనిషివి నువ్వొక్కడివే తాతా" అని నేను ఏడిపించేదాన్ని.

"ముట్టుకుంటే మసి అయితాది గదమే" అనేవాడు, చొక్కా దులుపుకుంటూ.

దీపాల గదికి ఒక కిటికీ ఉండేదట. దిగే ప్రతి మనిషికీ ఆ కిటికీలోంచి టోపీకి తగిలించుకునే దీపం, తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇస్తారు. గదిలో గోడకు పెద్ద చెక్కపలక, దానికి వరుసగా మేకులు. మనిషి కింద ఉన్నంతసేపు బిళ్ళ అతని జేబులో ఉంటుంది. పైకి రాగానే దీపమూ బిళ్ళా తిరిగి ఇచ్చేస్తే బిళ్ళ మేకుకు ఎక్కుతుంది. మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడు. పలక నిండేవరకు దీపాల గది తలుపు మూయకూడదు. అది నియమం.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరైనా పని మానేసినా, చనిపోయినా, ఆ బిళ్ళను దీపాలాయన తనంతట తాను తీసి పక్కన పెట్టకూడదు. ఆ మనిషి ఇంటివాళ్ళెవరో ఒకరు కిటికీ దగ్గరికి వచ్చి, నంబరు చెప్పి, బిళ్ళ చేతికివ్వాలి. అప్పుడే ఆ మేకు పీకుతారు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, వాళ్ళలో వాళ్ళకున్న అలవాటు. తాతకు పుస్తకంలో ఉన్నదీ లేనిదీ ఒకటే.

ఇక ఫ్లాస్కు సంగతి. తొంభై తొమ్మిది జూన్‌లో పెద్దాఫీసు నుంచి బాయికి ఒక లావుపాటి ఫైలు వచ్చింది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసుకునేవారట. తొంభై తొమ్మిది తర్వాత రెండు సున్నాలు వస్తే, కంప్యూటరు దాన్ని పందొమ్మిది వందల సంవత్సరం అనుకుని తిక్క తిక్కగా చేస్తుందని అందరికీ భయం. బ్యాంకులకు భయం, విమానాలకు భయం. బొగ్గు బాయికి ఎందుకు భయం అని తాతను అడిగితే, "పైనోళ్ళు భయపడితే కిందోళ్ళు పడొద్దామే" అన్నాడు.

బాయిలో తేదీ తెలిసిన వస్తువులన్నింటికీ జాబితా రాయమన్నారు. కిందికి గాలి పంపే పెద్ద ఫ్యాను, నీళ్ళు తోడే పంపులు, బొగ్గు లారీలు తూచే కాటా, విషవాయువు కనిపెట్టే యంత్రం, టెలిఫోను. ఏ వస్తువుకు తేదీ తెలుసో ఏదానికి తెలియదో ఎవరికీ తెలియదు కాబట్టి అన్నీ రాశారు. రెండు వందల పద్నాలుగు వస్తువులు వచ్చాయి. అందులో కంప్యూటర్లు రెండే. ఒకటి మేనేజరు గదిలో, ఒకటి దీపాల గదిలో.

వాటిని పరీక్ష చేయడానికి మన బెంగళూరు నుంచే, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి, ఇద్దరు ఇంజనీర్లు వెళ్ళారు. పెట్టె నిండా ఆకుపచ్చ చీటీలు. ఒక్కో వస్తువు ముందు నిలబడి, ఫైలులో టిక్కు పెట్టి, చీటీ అతికించేవారు. ఫ్యానుకు అతికించారు. కాటాకు అతికించారు. రోజూ కీ ఇస్తే తప్ప నడవని గోడ గడియారానికి కూడా అతికించారు. తాత తన ఫ్లాస్కు ముందుకు పెట్టి, "దీనికీ చూడప్పా, ఇరవై ఏండ్ల పాతది, రెండువేల దాకా వస్తాదో రాదో" అన్నాడట. ఆ ఇంజనీరు నవ్వకుండా మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, చీటీ అతికించాడు. అదీ ఫ్లాస్కు కథ.

ఫైలు చివర ఒక ప్రశ్న ఉందట. కంప్యూటరు ఆగిపోతే కింద ఎంతమంది ఉన్నారో ఎలా తెలుస్తుంది? దీపాల గదిలో కంప్యూటరు పెట్టి అప్పటికి మూడేళ్ళు. ఇత్తడి బిళ్ళలను గోనెసంచిలో కట్టి మూల పడేశారు. తాత ఆ సంచి చూపించాడు. మేనేజరు ఫైలులో రాసుకున్నాడు. ఆ విధంగా కొత్త శతాబ్దాన్ని ఎదుర్కోవడానికి బాయి చేసిన పెద్ద ఏర్పాటు ఏమిటంటే, పాత సంచి మూతి విప్పడం.

మూడు వందల పన్నెండు బిళ్ళలు, మూడేళ్ళ చిలుము. మా అవ్వ పిల్లమ్మ వాటిని క్వార్టర్స్ పెరట్లో వారం రోజులు చింతపండు పెట్టి తోమింది. "కంప్యూటర్‌కు మందు వేసింది నేనే, పేరు మాత్రం బెంగళూరోళ్ళకు" అనేది అవ్వ.

డిసెంబరు ముప్పై ఒకటిన సాయంత్రం షిఫ్టు పది గంటలకల్లా పైకి వచ్చేయాలని ఆజ్ఞ. కొత్త సంవత్సరం పుట్టేటప్పుడు భూమి కింద ఒక్క మనిషీ ఉండకూడదు. తాత ఒక్కో బిళ్ళ తగిలిస్తూ నంబరు పైకి చెప్పాలి, పక్కన కూర్చున్నతను దాన్ని కంప్యూటరులో కొట్టాలి. అన్నీ అయ్యాక మేనేజరు పెద్దాఫీసుకు ఫోను చేసి 'కింద సున్నా' అని చెప్పాలి. చెప్పాడు. పన్నెండు అయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేనేజరు కేకు కోశాడు.

"అప్పుడేమైంది తాతా?"

"ఏమీ కాలే."

ప్రతిసారీ కథ అక్కడే ఆగిపోయేది. గొడుగు కొన్న ఏడు వాన రానట్టు ఉండేది నాకు.

తాత రిటైరై మా దగ్గరికి వచ్చేసరికి బాయిలో ఆ పలకను విరిచి పొయ్యిలో పెట్టేస్తున్నారట. ఆయన అందులో ఒక మూల కోయించుకుని, ఐదు బిళ్ళలు అడిగి తెచ్చుకున్నాడు. ఊరికే దాచుకోవడానికేమో అనుకుంది మా అమ్మ. మరునాడే తలుపు పక్కన గోడకు బిగించాడు. తాతకు ముప్పై ఒకటి. ఆటో నడిపే మా నాయన అమరనాథ్‌కు ముప్పై రెండు. అమ్మ హేమలతకు ముప్పై మూడు. నాకు ముప్పై నాలుగు. అవ్వకు మాత్రం నూట పదిహేడు.

"అవ్వకేమి తాతా అంత దూరం నంబరు?" అని అడిగితే, "మీ అవ్వ ఎప్పుడన్నా వరుసలో ఉండిందామే" అనేవాడు.

ఇంట్లోంచి ఎవరు బయటికి పోయినా బిళ్ళ తీసుకుపోవాలి, వచ్చాక తగిలించాలి. పాలపాకెట్‌కు పోయినా అంతే. నేను లెక్కల్లో రెండుసార్లు తప్పి పీయూసీ మానేసి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ వేలిముద్ర, ఇక్కడ బిళ్ళ. "రెండు చోట్లా నన్ను దొంగలాగే చూస్తారు" అనేదాన్ని. నాయన మాత్రం మామగారి మాట కాదనలేక బిళ్ళను ఆటో తాళాలకే కట్టుకుని, తాళాలతో సహా మేకుకు వేలాడదీసేవాడు. అందరం వచ్చేశాక తాత పలక ముందు నిలబడి వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుని, తలుపు గడియ పెట్టి పడుకునేవాడు. నేను ఆయనకు మేనేజరు గారని పేరు పెట్టాను. అవ్వ ఆ పేరు విన్నప్పుడల్లా ఆకు నములుతూ నవ్వేది.

మొన్న అక్టోబరులో ఒక ఉదయం అవ్వకు ఆయాసం వచ్చింది. నాయన ఆటోలోనే ఆసుపత్రికి తీసుకుపోయాం. అంత ఆయాసంలోనూ తలుపు దగ్గర ఆగి, మేకు మీదనుంచి బిళ్ళ తీసి, ఆకువక్క సంచిలో వేసుకుంది.

"సాయంత్రానికంతా వచ్చేస్తానులే" అంది తాతతో.

మూడో రోజు పోయింది. మా ఇంటి మెట్లు ఇరుకు. పైకి ఎక్కించడం కష్టమని అందరూ అంటే ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకుపోయాం. తాతను ఆటోలో అక్కడికే పిలిపించారు. చేయాల్సినవన్నీ చేశాడు. ఏడవలేదు. ఇంటికి వచ్చి తన బిళ్ళ తగిలించి, పలక వైపు చూసి, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి తలుపు మూయలేదు. తర్వాతి రాత్రీ మూయలేదు.

నెల గడిచేసరికి ఆయన పాదాలు బన్నుల్లా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండేది. వీధి చివర డాక్టరు చూసి, ఈ వయసులో రాత్రంతా కాళ్ళు వేలాడదీసుకుని కూర్చుంటే ఇంతేనని, మంచం మీద చాపుకుని పడుకోకపోతే చర్మం పగిలి పుండ్లవుతాయని, అప్పుడు తన దగ్గరికి కాదు పెద్దాసుపత్రికి పోవలసి వస్తుందని చెప్పాడు. అమ్మ బతిమాలింది. నాయన బతిమాలాడు.

"పలక నిండలే గదా హేమా" అన్నాడు తాత, బియ్యం ఉడకలేదు గదా అన్నట్టు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అన్నం ఉడికేది, తినేవాళ్ళం. పొద్దున బిళ్ళ తీసుకునేదాన్ని, రోజంతా కాలర్లు కుట్టేదాన్ని, సాయంత్రం బిళ్ళ తగిలించేదాన్ని. ఖాళీ మేకు వైపు ఎవరం చూసేవాళ్ళం కాదు. తాత ఒక్కడే చూసేవాడు. ఆయన ముఖంలో కూడా ఏమీ ఉండేది కాదు. బస్సు రాని స్టాపులో కూర్చున్న మనిషిలా ఉండేవాడు.

డిసెంబరు ముప్పైన గార్మెంట్స్‌లో కరెంటు పోయి మమ్మల్ని మూడింటికే పంపేశారు. దుప్పటి కోసం బీరువా పైన వెతుకుతుంటే ఆసుపత్రి వాళ్ళిచ్చిన కవరు దొరికింది. అమ్మ దాన్ని ముడి కూడా విప్పకుండా అక్కడ పెట్టేసింది. విప్పాను. అవ్వ కళ్ళద్దాలు, దువ్వెన, ఆకువక్క సంచి. సంచిలో ఎండిపోయిన తమలపాకులు రెండు, వాటి మధ్య బిళ్ళ. నూట పదిహేడు.

బిళ్ళ అవ్వతో పాటే కాలిపోయిందని అనుకున్నామో, అసలేమీ అనుకోలేదో నాకు గుర్తులేదు. చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. నాకు వచ్చింది ఒక ఉపాయం.

సాయంత్రం తాత మేడ మీద బట్టలు తీయడానికి పోయినప్పుడు ఆ బిళ్ళను ఖాళీ మేకుకు తగిలించేశాను. ఇక రాత్రికి పలక నిండుతుంది. పలక నిండితే తలుపు మూస్తాడు, తలుపు మూస్తే పడుకుంటాడు, పడుకుంటే కాళ్ళు బాగవుతాయి. నా జీవితంలో నేను చేసిన లెక్కల్లో సరిపోయిన లెక్క అదొక్కటే అనుకున్నాను.

తాత బట్టలతో లోపలికి వచ్చాడు. తన బిళ్ళ తగిలించబోయి ఆగిపోయాడు.

"ఎవురు తగిలించింది?"

"ఏమో తాతా" అన్నాను. నా నోరు ఊరుకోదు. "అవ్వ వచ్చిందేమో. సాయంత్రానికంతా వస్తాననింది గదా."

అన్న వెంటనే నాకే అదోలా అయింది. తాత తిట్టలేదు. బట్టలు కుర్చీలో పెట్టి, నూట పదిహేడును మేకు నుంచి తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మనిషి రాకుండా బిళ్ళ తగిలించకూడదుమే" అన్నాడు. "తగిలిస్తే ఇంగ ఎవురూ దేవులాడరు."

అంతే. ఆ రోజు అన్నం సగమే తిన్నాడు. మరునాడు అదీ తినలేదు. నేను చేసిన పని అమ్మకు చెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు, చపాతీ పిండి కలుపుతూ ఉండిపోయింది.

జనవరి ఒకటో తేదీ ఉదయం ఆరింటికి ఫోను మోగింది. ప్రతి సంవత్సరం అదే రోజు, అదే వేళకు మునిస్వామి తాత చింతామణి నుంచి ఫోను చేస్తాడు. తన కాలు పోయింది కంప్యూటరు వల్లనే అని ఆయన లోకమంతా చెప్పుకుంటాడు. రెండువేల సంవత్సరం వచ్చిన రాత్రి ఆయన బాయి కిందే ఉండిపోయాడు. మేకు ఖాళీగానే ఉన్నా, కంప్యూటరు తిక్కలో పడి కింద సున్నా అని చెప్పిందనీ, అందరూ దాని మాటే నమ్మారనీ అంటాడు. తాత చెప్పే ఏమీ కాని రాత్రి, మునిస్వామి తాత కాలు పోయిన రాత్రి, రెండూ చిన్నప్పటినుంచీ వింటున్నాను. రెండూ ఒకటే రాత్రి అని ఎప్పుడూ కలిపి చూడలేదు. లెక్కల్లో తప్పినదాన్ని గదా.

తాతకు చెవులు సరిగా వినపడవు. ఎప్పటిలాగే ఫోను ఎత్తి స్పీకర్‌లో పెట్టాను.

"ఏమప్పా ఆదినారాయణా, ఉండావా?"

"ఉండాను."

"నా కాలు పోయి ఈ పొద్దుకు ఇరవై ఆరేండ్లు. ఒబ్బట్లు చెయ్యమన్యా కోడలిని. చెయ్యదంట."

"ఊఁ."

"ఆ కంప్యూటర్ యాడన్నా ఉంటే చెప్పు. ఉండే కాలితో ఒకటి తంతా."

తన్నప్పా, తన్ను అని తాత అనాలి. ప్రతి ఏడూ అదే అంటాడు. ఈసారి అనలేదు. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మునిస్వామీ, కంప్యూటర్ కాదప్పా."

"ఏంది?"

"నీ బిళ్ళ నేనే తగిలించినా."

తాత ఫోను వైపు చూస్తూ చెప్పాడు. గొంతు పెద్దది కాలేదు, చిన్నదీ కాలేదు.

"మూడు వందల పదకొండు అయినాయి. నీదొకటే ఖాళీ. మేనేజరు ఫోను చేతిలో పెట్టుకోని నిలబడుకోనుండాడు. మీ పాపకు కేకు కొనల్ల, తొందరగా ఎక్కొస్తానంటివి గదా. ఎక్కి ఇంటికి పోయింటావనుకున్యా. నీ దీపం రాలే. అదీ చూసినా. నువ్వు అప్పుడప్పుడూ దీపం ఇంటికి పెట్టుకోని పోతావు గదా, అట్ల పోయినావనుకున్యా. నూటా పదిహేడు అని చెప్తి. వాడు కొట్టినాడు. సున్నా వచ్చె."

బిళ్ళ మునిస్వామి తాత జేబులో ఉండాలి గదా, మా తాత దగ్గర ఎందుకుందని నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అమ్మ చెప్పింది. మునిస్వామి తాత ఒకసారి బాయిలో బిళ్ళ పోగొట్టుకుని అందరి ముందూ తిట్లు తిన్నాడట. అప్పటినుంచి కిందికి తీసుకుపోకుండా మా తాతకే ఇచ్చి దిగేవాడు. ఒకే ఊరివాళ్ళు, అడిగితే కాదనడు. పైకి వచ్చి కిటికీలో ముఖం చూపిస్తే తాత జేబులోంచి తీసి తగిలించేవాడు. ఆ రాత్రి ముఖం చూడకుండా తగిలించాడు.

షిఫ్టు ముగిసే ముందు దూరంగా ఉన్న ఒక పంపు ఆపి రమ్మని మునిస్వామి తాతను పంపారట. అది కూడా ఆ లావుపాటి ఫైలులో ఉన్న పనే. పంపు ఆపి తిరిగి వస్తుంటే కప్పు రాయి జారి పాదం మీద పడింది. పొద్దున ఆరింటి షిఫ్టువాళ్ళు దిగేవరకు ఆయన కోసం ఎవరూ వెతకలేదు, ఎందుకంటే కింద ఎవరూ లేరు. ఆయన్ను మోసుకుని పైకి తెచ్చే లోపల మేకు ఖాళీగా కనపడాలని మా తాత ఆ బిళ్ళను తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. మేనేజరు అప్పటికే అంతా క్షేమం అని పెద్దాఫీసుకు రాసి పంపేశాడు. ప్రమాదాన్ని ఉదయం షిఫ్టులో రాసుకున్నారు. ఆ బాయి కొత్త శతాబ్దానికి బాగా సిద్ధమైందని తర్వాత ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చిందట.

ఫోనులో ఎక్కడో కుక్కర్ కూత వినపడింది. తర్వాత మునిస్వామి తాత గొంతు.

"ఇన్నేండ్లూ ఆ కంప్యూటర్‌ను తిట్టినా గదప్పా."

తాత జేబు మీది చెయ్యి తీయలేదు.

"రాయి కింద కాలు పెట్టుకోని నేనేమనుకుంటాంటినో తెలుసునా. ఆదినారాయణ ఉండాడు, నా మేకు ఖాళీగా ఉండాది, వాడు తలుపు మూయడులే అనుకుంటాంటి. అట్లే తెల్లారె."

"ఊఁ" అన్నాడు తాత.

"నా బిళ్ళ ఇప్పుడు యాడుండాది?"

"పిల్లమ్మకిచ్చినా. ఆ నంబరు దినమూ పోయి దినమూ రావల్లని."

"పిల్లమ్మక్క పోయి రెండు నెలలాయె గదా."

"నా జోబీలో ఉండాది."

"మళ్ళా జోబీలోనేనా?" అన్నాడు మునిస్వామి తాత. "ఇంటోళ్ళు ఉండారు గదప్పా. వాళ్ళు ఇయ్యల్ల, నువ్వు తీసుకోవల్ల. అది నీకు నేను చెప్పల్నా?"

ఫోను పెట్టేశాడు. ప్రతి ఏడూ చివర్లో, పాపా బాగుండావా అని నన్ను అడిగి పెట్టేవాడు. ఈసారి అడగలేదు. వచ్చే జనవరికి చేస్తాడో చేయడో తెలియదు.

తాత కుర్చీలో అలాగే కూర్చున్నాడు. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. కాఫీ మీద మీగడ కట్టింది. నేను పనికి తయారై, ముప్పై నాలుగో బిళ్ళ తీసుకుని చెప్పులు వేసుకుంటుంటే, "పాపా" అని పిలిచాడు.

జేబులోంచి నూట పదిహేడు తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత లేచాడు. ఉబ్బిన పాదాలతో గోడ పట్టుకుంటూ వంటింట్లోకి పోయి, మెట్ల వైపు తెరుచుకునే కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏం చేయాలో నాకు చెప్పలేదు. నేను బయటికి వచ్చి, మెట్ల మీద ఆ కిటికీకి ఎదురుగా నిలబడ్డాను. మా మధ్య కమ్మీలు. ఏదో ఒక వెక్కిరింపు మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నూట పదిహేడు" అన్నాను.

"ఎవురిది?"

"పిల్లమ్మది."

"నువ్వేం కావల్ల?"

"మనవరాలిని."

"పైకొస్తాదా?"

బాయిలో అందరినీ ఈ ప్రశ్న అడిగేవాళ్ళో, ఆయనే అప్పుడు కలిపాడో నాకు తెలియదు. ఎదురింటి ఆవిడ నీళ్ళ బిందెతో మెట్లు ఎక్కుతూ మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.

"రాదు తాతా" అన్నాను.

తాత కమ్మీల్లోంచి చెయ్యి చాపాడు. బిళ్ళ ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురులో ఒకసారి తిప్పి చూసుకుని, గూట్లోంచి ఫ్లాస్కు దించి, మూత తీసి అందులో వేశాడు. లోపల ఖంగుమని చిన్న చప్పుడైంది. మూత బిగించి మళ్ళీ గూట్లో పెట్టాడు.

మేకు పీకడానికి నాయన ఆటోలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. మేకు తుప్పు పట్టి పలకలో కూరుకుపోయి ఉంది. తాత లాగితే రాలేదు. నాయన లాగితే తల విరిగింది. మిగిలిన మొనను నేను అటూ ఇటూ ఆడించి ఆడించి బయటికి లాగాను. ఆ రోజు పనికి అరగంట ఆలస్యమైంది. సూపర్‌వైజరు ఎందుకని అడిగితే మేకు పీకుతున్నానని చెప్పాను. నిజం చెప్పినా నమ్మని మనిషి ఆమె.

సాయంత్రం ఏడున్నరకు నేను వచ్చి ముప్పై నాలుగు తగిలించాను. ఎనిమిదింటికి నాయన వచ్చాడు. తాళాల నుంచి బిళ్ళ ఊడదీసి, మొదటిసారి సరిగ్గా మేకుకు తగిలించాడు. అమ్మ మంచం మీద తల వైపు ఒక దిండు, కాళ్ళ వైపు రెండు దిండ్లు వేసింది.

నేను తలుపు మూయబోతే, "ఉండుమే" అన్నాడు తాత.

గోడ పట్టుకుంటూ వచ్చి పలక ముందు నిలబడ్డాడు. ముప్పై ఒకటి ముట్టుకున్నాడు. ముప్పై రెండు. ముప్పై మూడు. ముప్పై నాలుగు. తర్వాత మేకు ఉన్నచోట పడిన చిల్లులో వేలికొన పెట్టి, కాసేపు అక్కడే ఉంచి తీసేశాడు. గడియ పెట్టాడు. పోయి పడుకుని, కాళ్ళు దిండ్ల మీద పెట్టుకున్నాడు.